స్థిర దహన పరీక్ష: సరుకు ప్రయోగానికి ముందు రాకెట్ సన్నాహం

రాకెట్‌ను కదలకుండా బిగించి ఉంచి, దాని ఇంజన్లను నిజంగానే మండించి చూసే పరీక్ష స్థిర దహన పరీక్ష. పత్రికల్లోనూ ప్రయోగ కేంద్రాల్లోనూ స్టాటిక్ ఫైర్, స్టాటిక్ టెస్ట్, హాట్ ఫైర్ అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. ఒక్క ఇంజన్‌ను విడిగా మండించి చూడడం మొదలుకొని, ప్రయోగ వేదికపై నిలబెట్టిన రాకెట్ మొదటి దశను కొన్ని సెకన్లపాటు మండించడం వరకు అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే ప్రయోగాలకు ముందు వేదికపై జరిగే పరీక్ష ఈ వ్యాసానికి ప్రధాన విషయం. ఫాల్కన్ 9, అంటారిస్ రాకెట్ల ప్రస్తావన ఇందులో ఎక్కువ. ఈ పరీక్ష పట్టుకోగల లోపాలు, పట్టుకోలేని లోపాలు, పరీక్షే తెచ్చిపెట్టగల ప్రమాదం ఆ రెండు రాకెట్ల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి.

అవసరం

ద్రవ ఇంధన ఇంజన్ జీవితంలో అత్యంత కఠినమైన ఘట్టాల్లో ఒకటి అది అంటుకునే తొలి రెండు మూడు సెకన్లు. ఆ కొద్ది సమయంలో టర్బోపంపు నిశ్చల స్థితి నుంచి నిమిషానికి వేల చుట్ల వేగాన్ని అందుకోవాలి. ఇంధనం, ఆక్సిజన్ వాల్వులు నిర్ణీత క్రమంలో తెరుచుకోవాలి. దహన గదిలో పీడనం ఒక్క ఊపున పెరిగి, అనుకున్న స్థాయి వద్ద నిలవాలి. వీటిలో ఏ ఒక్కటి మిల్లీసెకన్ల తేడాతో తప్పినా ఇంజన్ పేలిపోవచ్చు.

రాకెట్‌ను ఖాళీగా ఉంచి చేసే తనిఖీలు ఈ లోపాలను బయటపెట్టలేవు. సాధారణ వాతావరణ పీడనం వద్ద ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఆ చలికి లోహాలు కుంచించుకుపోతాయి. హ్యాంగర్‌లో బిగుతుగా ఉన్న అతుకు వేదికపై కారవచ్చు. ఆ చలి, ఆ పీడనం, ఇంజన్ల కంపనం అన్నీ ఒకేసారి కలిసినప్పుడే కొన్ని లోపాలు బయటికి వస్తాయి (చూ. క్రయోజెనిక్ చోదకాలు).

నేల మీది ఏర్పాట్ల సంగతి కూడా ఇంతే. నిల్వ ట్యాంకులు, కిలోమీటర్ల కొద్దీ పైపులు, నీటి ధారలు, నియంత్రణ కంప్యూటర్లు, వాటి ముందు కూర్చున్న సిబ్బంది కలిసి ఒకే వ్యవస్థగా పనిచేయాలి. ప్రయోగ వేదిక కొత్తదైనా, చాలాకాలం తర్వాత తిరిగి వాడుతున్నదైనా రాకెట్‌తో సమానంగా దాన్నీ పరీక్షించవలసి ఉంటుంది.

రకాలు

ఇంజన్ అంగీకార పరీక్షలో, తయారీ ముగిసిన ఇంజన్‌ను ప్రత్యేక పరీక్షా కేంద్రంలో ఒంటరిగా మండిస్తారు. దశ పరీక్షలో ఇంజన్లు, ట్యాంకులు, పైపులు అన్నీ అమర్చిన పూర్తి దశను బలమైన కట్టడానికి బిగించి మండిస్తారు. అవసరమైతే దీన్ని ప్రయాణంలో మండే పూర్తి కాలం వరకు కొనసాగిస్తారు. వేదిక పరీక్ష వీటన్నిటి తర్వాత వస్తుంది. ఎగరబోయే రాకెట్‌నే, ఎగరబోయే చోటే, కొన్ని సెకన్లపాటు మండిస్తారు.

దీనికి దగ్గరి బంధువు వెట్ డ్రెస్ రిహార్సల్. ఇందులో ఇంధనం, ఆక్సిజన్ వంటి చోదకాలు నింపి కౌంట్‌డౌన్‌ను చివరి క్షణాల దాకా నడిపిస్తారు, ఇంజన్లను మాత్రం మండించరు. చాలా సందర్భాల్లో వేదిక పరీక్షలోనే ఈ రిహార్సల్ కూడా ఇమిడి ఉంటుంది.

ఎగరబోయే దశనే ముందుగా మండించి చూసే పద్ధతి ఘన ఇంధన మోటార్లకు వర్తించదు. ఒకసారి అంటించిన ఘన ఇంధనాన్ని మధ్యలో ఆపి మళ్లీ వాడుకోవడం కుదరదు. అందుకే పరీక్షించిన మోటారు ఎగరదు, ఎగిరే మోటారును ముందుగా మండించి చూడలేరు. ఒకే రూపకల్పనతో చేసిన మరో మోటారును నేల మీద మండించి, ఆ ఫలితాన్ని ఆధారంగా తీసుకుంటారు.

చరిత్ర

ద్రవ ఇంధన రాకెట్ తొలి ప్రయోగానికి ముందే ఈ పరీక్ష పుట్టింది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ 1926 మార్చి 16న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో తన రాకెట్‌ను ఎగరేశాడు. అంతకుముందు, 1925 డిసెంబరులో, క్లార్క్ విశ్వవిద్యాలయంలో ఇంజన్‌ను కట్టడానికి బిగించి మండించి, అది తన బరువును తానే ఎత్తగలదని నిర్ధారించుకున్నాడు.

చంద్రయాత్రల కాలంలో దశ పరీక్షలు భారీ స్థాయికి చేరాయి. సాటర్న్ 5 మొదటి దశలోని ఐదు ఇంజన్లనూ కలిపి తొలిసారి 1965 ఏప్రిల్ 16న అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో మండించారు. ఆ దహనం 6.5 సెకన్లు సాగింది. తర్వాత ఆ పని మిసిసిపీ రాష్ట్రంలోని పరీక్షా కేంద్రానికి మారింది. అదే నేటి స్టెన్నిస్ అంతరిక్ష కేంద్రం.

అదే కాలంలో సోవియట్ యూనియన్ తన ఎన్1 చంద్ర రాకెట్ విషయంలో వేరే దారి పట్టింది. 30 ఇంజన్ల మొదటి దశను మొత్తంగా మండించి చూసే పరీక్షా కేంద్రం కట్టలేదు. ఇంజన్లు కూడా ఒకసారి మండించాక తిరిగి వాడే వీలులేని రకానివి. అందువల్ల ప్రతి విడత నుంచి కొన్నింటిని పరీక్షించి, మిగిలినవాటిని నేరుగా రాకెట్‌కు అమర్చారు. 1969 ఫిబ్రవరి నుంచి 1972 నవంబరు వరకు జరిగిన నాలుగు ప్రయోగాలూ మొదటి దశ పని ముగియకముందే విఫలమయ్యాయి. పూర్తి దశ పరీక్ష లేకపోవడాన్ని ఈ వైఫల్యాలకు ముఖ్య కారణాల్లో ఒకటిగా చరిత్రకారులు పేర్కొంటారు.

ఎగరబోయే వాహనాన్నే వేదికపై మండించే పద్ధతిని స్పేస్ షటిల్ కార్యక్రమం క్రమబద్ధంగా పాటించింది. కొలంబియా నౌక మూడు ప్రధాన ఇంజన్లను 1981 ఫిబ్రవరి 20న సుమారు 20 సెకన్లపాటు మండించారు. ఆ నౌక ఏప్రిల్ 12న ఎగిరింది. ఛాలెంజర్ విషయంలో పరీక్ష మరింత అక్కరకొచ్చింది. 1982 డిసెంబరు 18న జరిగిన దహనంలో నౌక వెనుక భాగంలో హైడ్రోజన్ వాయువు చేరినట్టు తేలింది. మూలం దొరకక 1983 జనవరి 25న మళ్లీ మండించి లీకును గుర్తించారు. మరమ్మతులు పూర్తయ్యాక ఏప్రిల్ 4న గాని ఛాలెంజర్ తొలి ప్రయాణం సాధ్యం కాలేదు.

ఫాల్కన్ 9 సన్నాహం

2011లో షటిళ్లు విశ్రమించాక అంతరిక్ష కేంద్రానికి నాసా సరుకు పంపే పని, దానితో ఒప్పందం ఉన్న ప్రైవేటు సంస్థల చేతికి వచ్చింది. స్పేస్‌ఎక్స్ సంస్థ డ్రాగన్ నౌకను ఫాల్కన్ 9 రాకెట్‌పై, ఆర్బిటల్ సైన్సెస్ సంస్థ సిగ్నస్ నౌకను అంటారిస్‌పై పంపాయి (చూ. వాణిజ్య సరుకు రవాణా ఒప్పందాలు).

ఫాల్కన్ 9 ఎత్తు 70 మీటర్లు. ప్రయోగ సమయంలో బరువు సుమారు 549 టన్నులు. మొదటి దశలో తొమ్మిది మెర్లిన్ ఇంజన్లు ఉంటాయి. శుద్ధి చేసిన కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ దీని చోదకాలు. ఇంజన్లనూ తయారైన దశలనూ టెక్సస్ రాష్ట్రంలోని మెక్‌గ్రెగర్ కేంద్రంలో మండించి చూశాక, రోడ్డు మార్గాన ఫ్లోరిడాకు తరలిస్తారు. అక్కడ వేదిక దగ్గరి హ్యాంగర్‌లో రాకెట్‌ను పడుకోబెట్టిన స్థితిలోనే రెండు దశలనూ కలుపుతారు. మోసుకెళ్లి నిలబెట్టే ట్రాన్స్‌పోర్టర్ ఎరెక్టర్ అనే యంత్రం దాన్ని పట్టాల మీదుగా వేదికకు చేర్చి నిటారుగా ఎత్తుతుంది. ఇంధన గొట్టాలు, విద్యుత్ తీగలు ఈ యంత్రం గుండానే రాకెట్‌ను చేరతాయి.

పరీక్ష ముగిశాక రాకెట్‌ను మళ్లీ దించి హ్యాంగర్‌కు తెస్తారు. అప్పుడు డ్రాగన్‌ను తగిలించి తిరిగి వేదికకు చేరుస్తారు. జీవశాస్త్ర నమూనాలు, శీతల పెట్టెల్లో ఉంచవలసిన పదార్థాలు ఎక్కువ రోజులు నిలవవు కనుక వాటిని ప్రయోగానికి ముందు చివరి గంటల కోసం అట్టిపెడతారు. అంతరిక్ష కేంద్రం కక్ష్యతో సరిపోలే క్షణంలోనే సరుకు నౌక ఎగరాలి. రోజుకు దొరికేది దాదాపు ఒకే ఒక్క క్షణం. చివరి నిమిషంలో చిన్న లోపం తలెత్తినా ఆ రోజు అవకాశం పోతుంది, లోపల పెట్టిన నమూనాలను మార్చవలసి రావచ్చు. ముందుగానే మండించి చూడడానికి సరుకు ప్రయోగాల్లో అదనపు విలువ ఇందువల్లే వచ్చింది.

పరీక్ష జరిగే తీరు

వేదిక చుట్టుపక్కల నుంచి మనుషులందరినీ పంపించివేశాక కౌంట్‌డౌన్ మొదలవుతుంది. క్రమమంతా ప్రయోగ దినాన జరిగే క్రమమే. 2015 డిసెంబరు నుంచి ఫాల్కన్ 9లో మామూలు కంటే చల్లబరచిన చోదకాలు వాడుతున్నారు. ఆక్సిజన్ మైనస్ 207 డిగ్రీల దగ్గర, కిరోసిన్ మైనస్ 7 డిగ్రీల దగ్గర ఉంటాయి. చల్లబడిన కొద్దీ సాంద్రత పెరిగి అదే ట్యాంకులో ఎక్కువ బరువు పడుతుంది. అయితే అవి త్వరగా వేడెక్కుతాయి కనుక బాగా ముందుగా నింపి ఉంచడం కుదరదు. ప్రస్తుత పద్ధతిలో దహనానికి సుమారు 35 నిమిషాల ముందు నింపడం మొదలవుతుంది.

దాదాపు ఏడు నిమిషాల ముందు కొద్దిపాటి ద్రవ ఆక్సిజన్‌ను ఇంజన్లలోకి వదిలి పంపులను చల్లబరుస్తారు. వెచ్చని పంపులోకి అతిశీతల ద్రవం ఒక్కసారిగా వస్తే అది దెబ్బతింటుంది. చివరి నిమిషంలో రాకెట్‌లోని కంప్యూటర్లు అదుపు తీసుకుని ట్యాంకుల్లో పీడనం పెంచుతాయి. వేదిక మీదికి నీటి ధారలు విడుదలవుతాయి. ఇవి ధ్వని తరంగాల తాకిడిని తగ్గించి కట్టడాన్ని కాపాడతాయి. సున్నాకు మూడు సెకన్ల ముందు, గాలి తగలగానే తనంతట తానే అంటుకునే ట్రైఇథైల్ అల్యూమినియం, ట్రైఇథైల్ బోరేన్ మిశ్రమం దహన గదుల్లోకి చేరుతుంది. ఆకుపచ్చని మెరుపుతో ఇంజన్లు అంటుకుంటాయి.

ప్రయోగానికీ పరీక్షకూ తేడా ఇక్కడే. ప్రయోగంలో అన్నీ సవ్యంగా ఉంటే సున్నా దగ్గర, రాకెట్‌ను పట్టి ఉంచే క్లాంపులు వదులుతాయి. పరీక్షలో అవి వదలవు. తొమ్మిది ఇంజన్లు కలిసి సుమారు 7,600 కిలోన్యూటన్ల తోపుడు బలం ఇస్తాయి. అంటే దాదాపు 775 టన్నుల బరువును ఎత్తగల బలం. నిండు ట్యాంకులతో ఉన్న రాకెట్ బరువును తీసివేసినా 220 టన్నులకు పైగా మిగిలే ఈడ్పును క్లాంపులు భరించాలి. సాధారణంగా మూడు నుంచి ఏడు సెకన్ల తర్వాత ఇంజన్లను ఆపేస్తారు. చోదకాలను వెనక్కి తోడి, ట్యాంకులను సురక్షితం చేశాకే సిబ్బంది వేదిక దగ్గరికి వెళ్తారు.

దహన గదుల పీడనం, పంపుల వేగం, వాల్వులు తెరుచుకున్న సమయాలు, ఉష్ణోగ్రతలు, కంపనాలు అన్నీ నమోదవుతాయి. ఇంజనీర్లు వీటిని మెక్‌గ్రెగర్ పరీక్షల కొలతలతో పోల్చి చూస్తారు. ప్రయోగ తేదీ ఈ విశ్లేషణ మీద ఆధారపడి ఉంటుంది. రాకెట్ మండింది, ఆగింది అన్నంత మాత్రాన పరీక్ష నెగ్గినట్టు కాదు.

సరుకు ప్రయోగాల్లో అనుభవాలు

డ్రాగన్ నౌక అంతరిక్ష కేంద్రానికి తొలిసారి వెళ్లిన యాత్రకు ముందు, 2012 ఏప్రిల్ 30న కేప్ కెనావరల్‌లో వేదిక పరీక్ష జరిగింది. మొదటి ప్రయత్నం సున్నాకు 47 సెకన్ల ముందు ఆగిపోగా, అదే రోజు రెండో ప్రయత్నంలో ఇంజన్లు మండాయి. అయినా మే 19న ప్రయోగ సమయంలో ఐదో ఇంజన్ దహన గదిలో పీడనం హద్దు దాటింది. అప్పటికే తొమ్మిది ఇంజన్లూ అంటుకున్నాయి. సున్నాకు అర సెకను ముందు కంప్యూటర్ వాటిని ఆపివేసింది. ఒక చెక్ వాల్వులో లోపం ఉన్నట్టు తేలింది. దాన్ని మార్చి మే 22న ప్రయోగించారు. మే 25న డ్రాగన్ అంతరిక్ష కేంద్రాన్ని చేరింది. వేదిక పరీక్ష నెగ్గిన ఇంజన్ కూడా ఆ తర్వాత మొరాయించవచ్చని ఈ ఘటన చూపింది. క్లాంపులు వదిలే ముందు కంప్యూటర్ చేసే ఆఖరి తనిఖీ కూడా ఒక స్థిర పరీక్షేనని చెప్పవచ్చు.

2017లో డ్రాగన్ సరుకు యాత్ర సీఆర్ఎస్-10కు వేదిక పరీక్ష మరో కారణంగా కీలకమైంది. అపోలో 11, షటిళ్లు ఎగిరిన కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలోని 39ఏ వేదికను స్పేస్‌ఎక్స్ 2014లో నాసా నుంచి లీజుకు తీసుకుని మార్పులు చేసింది. 2011 జులైలో జరిగిన చివరి షటిల్ ప్రయోగం తర్వాత అక్కడి నుంచి ఏ రాకెట్టూ ఎగరలేదు. 2017 ఫిబ్రవరి 12న జరిగిన స్థిర దహనం ఆ వేదిక కొత్త ఏర్పాట్లన్నిటికీ తొలి నిజమైన పరీక్ష. ఫిబ్రవరి 18న ప్రయోగం సున్నాకు 13 సెకన్ల ముందు ఆగింది. కారణం రెండో దశ ఇంజన్ దిశను మార్చే యంత్రాంగంపై వచ్చిన అనుమానం. వేదిక పరీక్షలో మండేది మొదటి దశ మాత్రమే కాబట్టి ఈ భాగం దాని పరిధిలో లేదు. మరునాడు, ఫిబ్రవరి 19న, రాకెట్ సుమారు 2,500 కిలోల సరుకుతో ఎగిరింది.

అంటారిస్ రాకెట్‌కు వర్జీనియా తీరంలోని వాలప్స్ దీవి కేంద్రం. ఎన్1 కార్యక్రమం కోసం తయారై ఎగరకుండా గోదాముల్లో మిగిలిపోయిన ఎన్‌కే-33 ఇంజన్లను మార్చి, ఏజే26 పేరుతో దీనికి వాడారు. 2013 ఫిబ్రవరి 22న రెండు ఇంజన్లున్న మొదటి దశను వేదికపై 29 సెకన్లపాటు మండించారు. ఫాల్కన్ పరీక్షలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ సమయం. ఏప్రిల్ 21న తొలి ప్రయోగం విజయవంతమైంది. అంటారిస్‌కు ప్రతి ప్రయోగానికి ముందు వేదిక పరీక్ష చేసే ఆనవాయితీ లేదు. ఇంజన్లను మాత్రం స్టెన్నిస్‌లో విడివిడిగా పరీక్షించేవారు. 2014 మేలో అక్కడే ఒక ఏజే26 పరీక్షలో ధ్వంసమైంది. అదే ఏడాది అక్టోబరు 28న సరుకుతో ఎగిరిన అంటారిస్, 15 సెకన్లకే ఒక ఇంజన్ టర్బోపంపు విఫలమై వేదిక పక్కనే కూలిపోయింది. తర్వాత రష్యాలో తయారైన ఆర్‌డీ-181 ఇంజన్లు అమర్చి, 2016 మే 31న వేదికపై 30 సెకన్ల దహనం జరిపి, అక్టోబరు 17న ప్రయోగాలను పునఃప్రారంభించారు.

ప్రమాదాలు, పరిమితులు

2016 సెప్టెంబరు 1న కేప్ కెనావరల్‌లోని 40వ వేదికపై స్థిర దహనం కోసం చోదకాలు నింపుతుండగా ఫాల్కన్ 9 పేలిపోయింది. పరీక్షకు ఇంకా ఎనిమిది నిమిషాలే ఉన్నాయి. ఇజ్రాయెల్ సంస్థ స్పేస్‌కామ్‌కు చెందిన అమోస్-6 ఉపగ్రహాన్ని అప్పటికే పైన అమర్చి ఉంచారు, అదీ కాలిపోయింది. మనుషులెవరూ దగ్గర లేకపోవడంతో ప్రాణనష్టం జరగలేదు. రెండో దశ ఆక్సిజన్ ట్యాంకు లోపల హీలియం సీసాలు మునిగి ఉంటాయి. అల్యూమినియం లోపలి పొర మీద కార్బన్ నారను చుట్టి వీటిని చేస్తారు. ఆ పొరకూ నారకూ మధ్య ముడతల్లో ఆక్సిజన్ చిక్కుకుని అంటుకున్నట్టు దర్యాప్తు తేల్చింది. చిక్కుకున్న ఆక్సిజన్ అతిశీతల హీలియం వల్ల గడ్డకట్టి ఉండే అవకాశాన్ని కూడా దర్యాప్తు గుర్తించింది.

పరీక్ష రోజునే ఉపగ్రహాన్ని అమర్చి ఉంచితే ఒకటి రెండు రోజులు కలిసివస్తాయి. ఈ ప్రమాదం తర్వాత పేలోడ్ లేకుండా పరీక్షించడమే సాధారణ పద్ధతి అయింది. దెబ్బతిన్న 40వ వేదికను బాగుచేసి, 2017 డిసెంబరు 15న సీఆర్ఎస్-13 సరుకు యాత్రతో తిరిగి వాడుకలోకి తెచ్చారు.

వేదిక పరీక్షకు అందనివీ ఉన్నాయి. 2015 జూన్ 28న సీఆర్ఎస్-7 యాత్రలో ఫాల్కన్ 9 ఎగిరిన 139 సెకన్లకు ముక్కలైంది. రెండో దశ ట్యాంకులో హీలియం సీసాను పట్టి ఉంచే ఒక ఊత కడ్డీ విరిగిపోయింది. రాకెట్ వేగం పుంజుకునేటప్పుడు ఆ కడ్డీ మీద పడే భారం నేల మీద పుట్టదు. జపాన్ హెచ్3 రాకెట్ ఇలాంటిదే మరో ఉదాహరణ. 2022 నవంబరు 7న తనెగషిమాలో దాని మొదటి దశ 25 సెకన్ల వేదిక పరీక్ష నెగ్గింది. 2023 మార్చి 7న తొలి ప్రయాణంలో మొదటి దశ సవ్యంగానే పనిచేసినా, రెండో దశ అంటుకోక రాకెట్ విఫలమైంది. హెచ్3 ఆ తర్వాత కోలుకుని, 2025 అక్టోబరులో హెచ్‌టీవీ-ఎక్స్ సరుకు నౌకను అంతరిక్ష కేంద్రానికి పంపింది.

ఇతర పద్ధతులు, శ్రీహరికోట

రష్యా ప్రోగ్రెస్ సరుకు నౌకలు 1978 నుంచి ఎగురుతున్నాయి. వాటిని మోసే సోయుజ్ తరహా రాకెట్లకు ప్రతిసారీ వేదికపై దహన పరీక్ష చేయరు. ప్రయోగ సమయంలోనే ఇంజన్లను అంచెలంచెలుగా పూర్తి బలానికి తీసుకెళ్తూ పరిశీలిస్తారు. దశాబ్దాలుగా పెద్దగా మారని రూపకల్పన ఈ పద్ధతికి బలం.

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఇస్రో కూడా పూర్తి రాకెట్‌ను వేదికపై మండించి చూడదు. ద్రవ, క్రయోజెనిక్ ఇంజన్లను తమిళనాడులోని మహేంద్రగిరిలో పరీక్షిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటలో పెద్ద ఘన మోటార్ల స్థిర పరీక్షలు జరుగుతాయి. 200 టన్నులకు పైగా ఇంధనం పట్టే ఎస్200 మోటారు తొలి పరీక్ష 2010 జనవరి 24న, మానవ యాత్ర కోసం మెరుగుపరచిన హెచ్ఎస్200 పరీక్ష 2022 మే 13న ఇక్కడే జరిగాయి. హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తన విక్రమ్-1 రాకెట్ రెండో దశ కలాం-250ను 2024 మార్చి 27న శ్రీహరికోటలోనే 85 సెకన్లపాటు మండించింది.

నేల విడవకముందే ఇంజన్ల తీరు చూసి రాకెట్‌ను ఆపిన ఘటన శ్రీహరికోట చరిత్రలోనూ ఉంది. 2001 మార్చి 28న జీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో నాలుగు పక్క ఇంజన్లూ అంటుకున్నాక, వాటిలో ఒకటి తగినంత బలం ఇవ్వడం లేదని కంప్యూటర్ పసిగట్టింది. ఎగరడానికి సెకను ముందు అన్నిటినీ ఆపింది. మధ్యనున్న ఘన మోటారు అప్పటికి అంటుకోలేదు. అంటుకుని ఉంటే ఆపడం సాధ్యమయ్యేది కాదు. అదే రాకెట్ మరమ్మతుల తర్వాత ఏప్రిల్ 18న ఎగిరింది (చూ. జీఎస్ఎల్‌వీ).

పునర్వినియోగం తెచ్చిన మార్పు

ఒకే మొదటి దశ మళ్లీ మళ్లీ ఎగరడం మొదలయ్యాక వేదిక పరీక్ష స్థానం మారింది. ఎగిరి, దిగి, కొలతలన్నీ ఇచ్చిన దశకు గత ప్రయాణమే అన్నిటికన్నా సమగ్రమైన పరీక్ష. అందువల్ల ప్రతి ఫాల్కన్ 9 ప్రయోగానికి ముందూ స్థిర దహనం చేసే ఆనవాయితీని స్పేస్‌ఎక్స్ క్రమంగా సడలించింది. కొత్త దశలకు, మనుషులు వెళ్లే యాత్రలకు ప్రాధాన్యమిస్తోంది.

గత ప్రయాణం ఒక్కటే సరిపోదని 2025 జూన్‌లో యాక్సియమ్-4 మానవ యాత్ర ముందు రుజువైంది. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్లవలసిన ఆ ఫాల్కన్ 9 మొదటి దశ అప్పటికే ఒకసారి ఎగిరి వచ్చింది. 39ఏ వేదికపై ఏడు సెకన్ల దహనం జరిపినప్పుడు ఇంజన్ల భాగంలో ద్రవ ఆక్సిజన్ కారుతున్నట్టు గుర్తించారు. లీకును సరిచేసి, తగిన పరీక్షలతో నిర్ధారించుకున్నాకే ప్రయోగించాలని ఇస్రో ప్రకటించింది. జూన్ 11న జరగవలసిన ప్రయోగం వాయిదా పడింది. లీకు మరమ్మతు పూర్తయింది. అంతరిక్ష కేంద్రంలోని రష్యా విభాగానికి సంబంధించిన వేరే పరిశీలన కూడా ముగిశాక, జూన్ 25న రాకెట్ ఎగిరి, మరునాడు నౌక కేంద్రాన్ని చేరింది.